ఏడో మోకు బరువు

మనీలాకు దక్షిణపు దీవుల్లో ఉన్న ఇలోయిలో అనే రేవుపట్నంలో, సాంతా సిసీలియా నాటకశాలలో, రంగస్థలానికి నలభై అడుగుల ఎత్తున, తెరలు లాగేవాళ్లు నిలబడే కొయ్యవంతెన ఒకటి ఉండేది. దాని కటకటాలకు వరుసగా పన్నెండు మోకులు. పదకొండింటికి పని ఉండేది. ఏడో మోకుకు పేరు మాత్రమే ఉండేది — చెడ్డపేరు.

దానికి తెర కట్టరు. దీపం కట్టరు. దాని కిందుగా నడవవలసి వస్తే, పట్టపగలైనా సరే, "తప్పుకోండి తల్లీ, పోతున్నాం" అని గొణుక్కుని మరీ నడిచేవారు. కనబడనివారి చోటు వారిని అడగకుండా దాటడం ఆ సీమలో మర్యాద కాదు. ఆ పేరు పడ్డ తొమ్మిదేళ్లలో మోకును రెండుసార్లు మార్చారు. గిలక మార్చారు. గిలక వేలాడే దూలాన్ని సైతం మార్చారు. పేరు మాత్రం మారలేదు.

ఆ పేరు ఎలా వచ్చిందో ఊరంతటికీ తెలుసు. నిజంగా ఎలా వచ్చిందో తెలిసినవారు ఇద్దరే. వారిలో ఒకడు కాసియానో. యౌవనంలో ఓడ తెరచాపలు లాగి, నడివయసులో ఆ వంతెనకు పెద్దయినవాడు. అతడు ముసలితనంలో చెప్పగా విన్నవారి నోట విన్నమాట ఇది. విన్నంతే చెబుతాను.

ఈ కథకు తొమ్మిదేళ్ల ముందు ఇటలీ నుంచి ఒక మేళం వచ్చింది. పాటల నాటకం ముగిశాక ఆఖరున నృత్యం. అందులో లివియా అనే నర్తకి నేలనుంచి ఆకాశానికి లేవాలి. ఎగిరే మనిషి ఎంత బరువో అంత ఇసుక మోకు రెండో కొసన కట్టాలి. త్రాసుతట్టల్లా రెండు కొసలూ తూగితే ఒంటిచేత్తో లాగినా మనిషి ఈకలా లేస్తుంది. లివియా పిట్టంత మనిషి. మూడు ఇసుకసంచులు చాలలేదు, నాలుగు ఎక్కువయ్యాయి. అందుకని కాసియానో భార్య చాపగుడ్డతో, ఎర్రదారంతో, ఒక అరసంచి కుట్టి ఇచ్చింది.

ఆ రాత్రి ఆమె నడిమింట ఉండగా సంచుల ముడి జారింది. సంచులు ఒకవైపు రాలాయి, ఆమె ఒకవైపు రాలి ప్రాణం విడిచింది.

మోకు పట్టినవాడు డొరొతేయో. తప్పు అతడిదేనని అందరూ అన్నారు. ఆనాటినుంచి ఏ నాటకశాలా, ఏ ఓడా అతడికి మోకు అందించలేదు. ఏటికి ఆవలిగట్టున వలలు బాగుచేసుకుంటూ బతుకుతున్నాడు.

కాని ఆ సంచులు కట్టింది డొరొతేయో కాదు... కాసియానో. ఒక్క చుట్ట కాల్చుకుని వచ్చి పీటముడి వేద్దాంలే అని, అప్పటికి జారుముడి వేసి దిగిపోయాడు. అతడు తిరిగి వచ్చేలోగా మోకు లాగమనే ఈల మోగింది. "ఎవరు కట్టారు?" అని అడిగినప్పుడు డొరొతేయో స్నేహితుడి ముఖం వంక చూశాడు. స్నేహితుడు నేలవంక చూశాడు. మోకుకు జారిన ముడి కాసియానో నాలుకకు పడింది. తొమ్మిదేళ్లు విడలేదు.

తొమ్మిదేళ్లు నిండాక, వానాకాలం ఆరంభంలో, మనీలా నుంచి వచ్చిన పొగ ఓడలో మరో ఇటలీ మేళం దిగింది.

వాళ్ల యంత్రాల మేస్త్రీ బాత్తిస్తా. పొట్ట ముందు, మనిషి వెనక. వంతెన ఎక్కి మోకులన్నీ తడిమి చూశాడు.

"ఏడోదే కావాలి."

"ఆ మోకు మంచిది కాదు సిగ్నోర్" అన్నాడు కాసియానో.

"కొత్తదిలాగే ఉందే?"

"మోకు కొత్తదే."

"మరేంటి నీ బాధ? నడిమధ్యన ఉన్నది అదొక్కటే. చందమామ దగ్గరికి పోయే పిల్లని మూలనించి లేపమంటావా, ఎలకని బోనులో లేపినట్టు?"

కాసియానో కటకటాలనుంచి ఏడో మోకు విప్పాడు.

కింద నెరీనా నిలబడి ఉంది. పందొమ్మిదేళ్ల నర్తకి. నడుముకు తోలుపట్టా బిగించి, వీపున కొక్కెం తగిలించారు. మేళంవారి లెక్కలో ఆమె సరిగ్గా నాలుగు సంచులు. నాలుగు కట్టారు. కాసియానో లాగాడు.

ఆమె లేవలేదు.

"రాత్రి చేపలెన్ని లాగించావే?" పైనుంచి అరిచాడు బాత్తిస్తా.

"మీరు మిగిల్చినన్ని" అంది నెరీనా తలెత్తకుండానే. "అంటే ఏమీ లేనట్టేగా!"

అందరూ నవ్వారు. అయిదో సంచి కట్టారు. ఆరోది కట్టారు. మేకులు కొట్టినట్టు ఆమె పాదాలు నేలకే ఉన్నాయి. నవ్వులు ఆగాయి. ఏడో సంచికి మడమలు లేచాయి — మునివేళ్లు లేవలేదు.

"ఇంకొక్క చిటికెడు..." బాత్తిస్తా అటూ ఇటూ చూశాడు. గోడమేకుకు తొమ్మిదేళ్లుగా వేలాడుతున్నదొకటి కంటబడింది. దుమ్ము దులిపాడు. ఎర్రదారపు కుట్లు బయటపడ్డాయి. "ఇదిగో! దీనికోసమే ఎవరో కుట్టిపెట్టినట్టుంది."

వద్దనడానికి కాసియానో చెయ్యి చాచాడు. బాత్తిస్తా అప్పటికే దాన్ని మోకుకు కట్టేస్తున్నాడు.

అరసంచి తగిలించగానే నెరీనా తేలింది... నిదురపోయే నీటిమీద పూరేకు తేలినట్టు.

నాలుగు సంచులు నెరీనావి. మిగిలిన మూడున్నర ఎవరివో తెలుసుకోవడానికి కాసియానోకు త్రాసు అక్కరలేదు.

"గిలక బిగిసింది, అంతే. నూనె పోయించు" అని బాత్తిస్తా చేతులు దులుపుకున్నాడు.

బిగిసిన గిలక కిర్రుమంటుంది. పైకి పోయేటప్పుడు ఎంత మొరాయిస్తుందో కిందికి వచ్చేటప్పుడూ అంతే మొరాయిస్తుంది. ఈ మోకు పట్టుదారంలా జారుతోంది. కాసియానో నూనె పోయించాడు. పోయిస్తూనే భయపడ్డాడు. దెయ్యాన్ని తలచుకుని కాదు — లెక్కను తలచుకుని. పిల్ల కాళ్లు పట్టుకున్నవారు పట్టుకున్నంతసేపే ఆ తూకం నిలుస్తుంది. నడిమింట వదిలేస్తే? ఏడున్నర సంచుల ఎదుట నాలుగు సంచుల పిల్ల. వింటినుంచి వెడలిన అమ్ములా పోయి దూలానికి తల...

"సిగ్నోర్, ఈ పూటకి ఆ ఎగరడం మాన్పించండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

"ఊళ్లో సగంమంది వచ్చేది ఆ ఎగరడం చూడ్డానికేనయ్యా. భయమైతే దిగిపో. నేను లాగుతా."

కాసియానో దిగలేదు. దిగితే ఆ పిల్ల, ఏమీ తెలియని చేతుల్లో ఉంటుంది.

రాత్రయింది. రేకులమీద వాన. చెరకుతోటల దొరసానుల విసనకర్రలు ఒక్క లయలో కదులుతున్నాయి. పాటల నాటకంలోని రాణి విషం తాగి, ఇరవై నిమిషాలసేపు పాడి, మరణించింది. పూలు పడ్డాయి. తెర పడింది. తెర లేచేసరికి రంగమంతా నీలివెన్నెల.

వంతెనమీద మాట్లాడకూడదు. ఈల అసలే వేయకూడదు, ఒక ఈల అంటే మోకు లాగమని. రంగానికి ఆవలివైపున్న చిన్నవంతెన మీదనుంచి బాత్తిస్తా ఈల వేశాడు... సన్నగా, ఒక్కటి.

కాసియానో లాగాడు. నెరీనా లేచింది. సభ ఒక్కసారిగా నిట్టూర్చింది. పదడుగులు... పదిహేను... ఇరవై...

ఉన్నట్టుండి మోకు తేలికైపోయింది.

అరచేతుల్లోంచి నిప్పులా జారింది. ఏడున్నర సంచులు కిందికి దూకాయి, పిల్ల పైకి దూసుకువచ్చింది. కాసియానో మోకును ముంజేతికి చుట్టుకుని, కటకటాలకు రొమ్ము ఆనించి, ఉన్న సత్తువంతా పెట్టి పట్టాడు. దూలానికి జానెడు దూరంలో నెరీనా తల ఆగింది.

ఆ తరువాత బరువు మళ్లీ వచ్చింది. మెల్లగా... ఒక చెయ్యి పట్టుకున్నట్టు, పిమ్మట రెండో చెయ్యి పట్టుకున్నట్టు.

కింద చప్పట్లు హోరెత్తాయి. అదంతా నాట్యమేననుకున్నారు.

కాసియానో పిల్లని నేలకు దించాడు. రెండోసారి లేవడానికి పావుగంట వ్యవధి. నిచ్చెన దిగి, చేతులకు గుడ్డ చుట్టుకుంటూ, తెరచాటున నెరీనా దగ్గరికి వెళ్లాడు. ముఖానికి పూసిన రంగు కింద ఆమె పెదవులు తెల్లబడి ఉన్నాయి.

"కింద ఎవరండీ?" గుసగుసగా అడిగింది. "నా కాళ్లు పట్టుకున్నారు."

"ఎవరూ లేరమ్మా."

"ఉన్నారు. చీలమండల దగ్గర. లాగడంలేదు... జారిపోతామని భయపడేవాళ్లు పట్టుకున్నట్టు." ఆమె అతడి చేతికట్టు వంక చూసింది. "మీరు నన్ను వదలరుగా?"

కాసియానో చేతికట్టు బిగించుకున్నాడు. నిచ్చెన ఎక్కాడు. నలభై అడుగులు ఎక్కేసరికి ఏం చేయాలో నిశ్చయమైంది.

ఒక్కొక్క సంచి విప్పాడు. ఒకటి... రెండు... మూడు. ఆఖరున ఎర్రదారపు అరసంచి విప్పి వంతెనమీద పెట్టాడు. మోకుకు నాలుగే మిగిలాయి, పీటముడిమీద పీటముడి వేసి. ఇప్పుడు ఎవరు వదిలినా పిల్ల దూలానికి పోదు. కాని ఎవరూ వదలకపోతే, పిల్ల లేవనే లేవదు. సభ గోలచేస్తుంది. బాత్తిస్తా వచ్చి మళ్లీ ఆ సంచులు కట్టిస్తాడు.

వంగి, చీకటిలోకి, మోకు పొడుగునా చూశాడు.

"తల్లీ... లివియమ్మా... తప్పుకోమని అడిగే అర్హత నాకు లేదు. అయినా వినండి." గొంతు అతడికే వినబడటంలేదు. "డొరొతేయో కాదు. నేనే. చుట్ట కాల్చుకోడానికి పోయాను. ముడి వేసింది నేనే."

ఈల మోగింది.

లాగాడు. మోకు కదలలేదు. ఫిడేళ్లు సాగుతున్నాయి. నెరీనా చేతులు చాచి, ముఖం పైకెత్తి నిలబడి ఉంది. రెండో ఈల... కోపంగా.

"ఈ రాత్రే పోతాను. ఏరు దాటి వాడి కాళ్లమీద పడతాను. తెల్లారి ఊరందరి ముందూ చెబుతాను. నా మాట నమ్మకం లేకపోతే..." కాసియానో కళ్లు మూసుకున్నాడు. "నన్ను పట్టుకోండి. ఆ పిల్లని మాత్రం వదిలేయండి."

ఫిడేళ్లు ఒక్క ఊపిరిసేపు ఆగవలసిన చోట ఆగాయి.

మోకు లేచింది.

నాలుగు సంచులకు నాలుగు సంచుల పిల్ల. ఒంటిచేతి పని. నెరీనా నీలివెన్నెలలోంచి పైపైకి, కాగితపు చందమామ దాకా, ఒక్క వణుకైనా లేకుండా వెళ్లింది. వంతెన పక్కగా పోతూ తల తిప్పి కాసియానోను చూసి నవ్వింది. మరుక్షణం ఆ నవ్వు ఆగింది. ఆమె చూపు అతడి ముఖంమీద లేదు — అతడి భుజం పక్కన ఉంది.

తెర పడ్డాక బాత్తిస్తా ఆయాసపడుతూ వచ్చాడు. విప్పిన సంచులు చూశాడు.

"చూశావా! మధ్యాహ్నం పోసిన నూనె ఇప్పటికి ఇంకింది. గిలక వదిలింది. నాలుగు సంచులకే లేచిందిగా? అక్కడికేదో భూతమన్నట్టు మొహం పెట్టావు!" వీపు చరచబోయి, ఎందుకో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "వంతెనమీద ఇంత చలేంటయ్యా... వానాకాలం గాలి కాబోలు."

కావచ్చు. నూనె ఇంకడానికి సమయం పడుతుంది. తడికి మోకు ఉబ్బుతుంది, ఆరితే సడలుతుంది. కాసియానో తనకు తాను అదే చెప్పుకుంటూ నిచ్చెన దిగాడు. దిగుతుంటే ప్రతి మెట్టూ రెండుసార్లు మూలిగింది. ముసలి నిచ్చెన అనుకున్నాడు.

వాన వెలిసింది. ఏటిగట్టున ఒకే పడవ ఉంది. పడవవాడు వృద్ధుడు, లాంతరు కింద కునికిపాట్లు పడుతున్నాడు.

"ఇంత రాత్రప్పుడు ఆవలికా మనోంగ్? ఎవరికోసం?" అన్నాడు, ఆ సీమలో అన్నను పిలిచే పిలుపుతో.

"డొరొతేయో కోసం."

"వాడికోసం వచ్చేవాళ్లు కూడా ఉన్నారన్నమాట!"

కాసియానో ఎక్కి వెనకబల్లమీద కూర్చున్నాడు. పడవవాడు గడవేసి నెట్టబోయి ఆగాడు. లాంతరు ఎత్తి పడవ అంచుల వంక చూశాడు. నీళ్లు బెత్తెడు దూరంలో ఉన్నాయి.

"ఒక్కరేగా మీరు? మూటలేమన్నా ఎక్కించారా?"

కాసియానో కట్లు కట్టిన ఖాళీచేతులు చూపించాడు.

"మరిదేంటి... నలభయ్యేళ్లనించి మనుషుల్ని దాటిస్తున్నా, నా పడవ నాకబద్ధం చెప్పదు. ఇద్దరు కూర్చున్నట్టుందే."

"ఎంత ఎక్కువుంటుంది?" అడిగాడు కాసియానో. అడిగే అవసరం లేదని తెలిసి కూడా.

వృద్ధుడు పడవను కాలితో ఒకసారి ఊపి చూశాడు. "మగాడంత లేదు. చిన్నపాటి ఆడమనిషి... పిట్టంత మనిషి." అని, తానన్న మాట తన చెవినబడి, నోరు మూసుకున్నాడు.

కాసియానో తన పక్కన ఖాళీబల్ల వంక చూడలేదు. కొంచెం అటు జరిగి చోటిచ్చాడు.

"మాటిచ్చాను. నిలబెట్టుకుంటానో లేదో చూడ్డానికి వస్తోంది. మెల్లగా పోనీ."

వృద్ధుడు గడ వేశాడు. ఏరు దాటినంతసేపూ వెనక్కి తిరగలేదు. "తప్పుకోండి తల్లీ... పోతున్నాం తల్లీ..." అన్న గొణుగుడు, నీళ్ల చప్పుడు, అంతే.

ఆవలిగట్టున డొరొతేయో గుడిసెలో దీపం ఇంకా వెలుగుతోంది. వలముందు కూర్చున్నవాడి నీడ తడికమీద కనబడుతోంది.

పడవ ఒడ్డును తాకింది. కాసియానో బురదలో కాలు పెట్టి దిగాడు. అతడి బరువుకు పడవ లేచింది.

సగమే లేచింది.

పడవవాడు గడ గట్టిగా పట్టుకుని ఊపిరి బిగబట్టాడు. ఒక్క క్షణం... రెండు క్షణాలు... కుచ్చుల పావడా తడవకుండా ఎత్తిపట్టుకుని, ఎవరో జాగ్రత్తగా దిగినట్టు, మిగిలిన సగమూ లేచింది.