బస్ అనేదాకా

"కీబోర్డు ఏం పాపం చేసిందని గట్ల కొడ్తున్నవ్?"

తిరుమలేశ్ తలెత్తాడు. సుప్రీత. క్లాసులో అందరికంటే ముందు ప్రోగ్రాం ముగించి, మిగతావాళ్ల అవస్థ చూసి నవ్వే పిల్ల. రేపే ల్యాబ్ పరీక్ష. తప్పితే హైదరాబాదు ఉద్యోగం చేజారుతుంది. హట్టి బంగారు గనిలో షిఫ్టులు చేసే నాన్న, కొడుక్కి ఉద్యోగం వచ్చిందని అప్పుడే ఊరంతా చెప్పుకున్నాడు.

"హ్యాంగైంది," అన్నాడు మూతి ముడుచుకుని.

"కాలే. నీ చైల్డ్ ప్రాసెస్ ఎదురు చూస్తున్నది."

కుర్చీ లాక్కుని కూర్చుంది. "మా బట్టల దుకాణంల కౌంటర్ నుంచి పై గోదాముకు ఒక ప్లాస్టిక్ పైపుంది. మా నాన్న కింద నుంచి ఏ పంచెలు కావాల్నో చెప్పి, ఆఖరుకు 'బస్', ఇగ చాలు, అంటడు. బస్ అనేదాంక పైనున్నోళ్లు చెవి తియ్యరు."

"అయితే?"

"ఫోర్క్ చేస్తే నీ ప్రోగ్రాం పేరెంట్, చైల్డ్ అని రెండైతది. వాటి నడుమ మాట పంపే పైపు రెండు కొసలూ ఇద్దరి దగ్గరా ఉంటయి. పేరెంట్ రాసి మూసేసింది, మంచిదే. నీ చైల్డ్ దగ్గర కూడా రాసే కొస తెరిచే ఉంది కదా! గా కొస మూస్తెనే, ఇంక ఎవరూ రాయరని దానికి తెలుస్తది."

చైల్డ్ భాగంలో ఆ కొసను మూసే ఒక్క క్లోజ్ చేర్చాడు. పేరెంట్ పంపిన మాట తెర మీదికి ఠక్కున వచ్చింది. ఆమె నవ్వింది. అతడి గుండె మాత్రం అక్కడే ఆగిపోయింది.

పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది. ఫలితం తెలిసిన రోజే తిరుమలేశ్ పేడాల డబ్బాతో ఆ దుకాణానికి పరుగెత్తాడు. కౌంటర్ దగ్గర ఎవరూ లేరు. పైన అడుగుల చప్పుడు వినిపిస్తోంది. సుప్రీతే అనుకుని పైపు అందుకున్నాడు.

"నేను, తిరుమలేశ్‌ను. పాసైన! నీ మేలు ఈ జన్మల మర్చిపోను. మా నాన్న సంతోషంతోటి ఏడ్చిండు. ఇంకోటి... నువ్వంటే నాకు శానా ఇష్టం."

చెవి ఆనించాడు. ఒక దగ్గు వినిపించింది. ఆ తర్వాత బొంగురు గొంతు.

"బస్ అనలే బాబూ. ఇంకేమన్న ఉందా, చెవి తియ్యాల్నా?"

సుప్రీత తండ్రి పాండురంగయ్య! తిరుమలేశ్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక గుమ్మంలో ఎవరో కిసుక్కున నవ్వారు. చాయ్ ఫ్లాస్కుతో సుప్రీత.

"నెల నుంచి ఇంట్ల నీ ముచ్చట్లే," అంది పైపులోని గొంతు. "మీ నాన్నను తోలుకొని రా. కూసొని మాట్లాడుకుందాం."

తిరుమలేశ్ కళ్లు చెమర్చాయి. కనిపించని ఆయనకే చేతులు జోడించాడు.

సుప్రీత అతడి చేతిలోంచి పైపు తీసుకుంది.

"నాన్నా, నాకూ ఇష్టమే," అంది. "బస్."