గాలికొండ గంట

తుంగావతి రాజ్యంలో వానలు కురవడం మానేసి చాలా ఏళ్లు గడిచాయి. ఉత్తరాన ఉన్న గాలికొండ కనుమలో ప్రభంజనుడనే రాక్షసుడు చేరి, మేఘాలన్నిటినీ కొండకు ఆవలివైపే ఆపేశాడు. చెరువులు నెర్రెలిచ్చాయి. మేత లేక గుర్రాలూ ఎడ్లూ చచ్చిపోయాయి. బండి లాగే జంతువు ఒక్కటీ మిగలక, జనం సైకిళ్లకు కడవలు కట్టుకుని దూరాన ఉన్న ఊటబావి నుంచి నీళ్లు తెచ్చుకునేవారు.

కొండ శిఖరాన ఒక గంట ఉంది. దాన్ని మోగిస్తే రాక్షసుడి పట్టు వీడిపోతుంది. కాని గంట మోగేదాకా ఆ కొండదారికి వాడి శాపం ఉంది. దారిలో నేలకు కాలు ఆనించినవాడు అక్కడికక్కడే రాయైపోతాడు. అందుకే రాజు విజయపాలుడు ఏటా సైకిలు పందెం పెట్టేవాడు. సంతానం లేని ఆ రాజు, గంట మోగించినవారికే తన తరవాత రాజ్యమని చాటించాడు. వెళ్లినవారిలో కొందరు సగం దారిలోనే వెనక్కి తిరిగారు. తక్కినవారు రాళ్లై కొండమీదే నిలిచిపోయారు.

అలా రాయైనవారిలో భైరవయ్య ఒకడు. అతను వెళ్లేనాటికి కూతురు కేతకి పసిపిల్ల. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమె తల్లికీ, ఇరుగుపొరుగు ముసలివాళ్లకీ నీళ్లు మోసింది. నిండు కడవలతో ఎత్తుదారులు తొక్కి తొక్కి ఆమె కాళ్లు గట్టిపడ్డాయి.

ఆ ఏడు ఊటబావి కూడా అడుగంటింది. కేతకి సైకిలుకున్న కడవలు విప్పి పక్కన పెట్టింది. తల్లికి విషయం అర్థమైంది.

"మీ నాన్నను పోగొట్టుకున్నది చాలదా?" అంది తల్లి.

"బావి ఎండిపోయిందమ్మా. ఇక్కడే కూర్చుంటే మాత్రం బతుకుతామా?"

తల్లి ఇంట్లో మిగిలిన నీళ్లన్నీ ఒక సొరకాయ బుర్రలో పోసి కూతురి భుజాన తగిలించింది.

కోట ముందు పందేనికి ముగ్గురే నిలబడి ఉన్నారు. గజపతి, అంకన్న, రుద్రయ్య. ముగ్గురూ మీసాలు నెరిసినవారు, ఎన్నో పందేలు గెలిచినవారు. కేతకిని చూసి గజపతి నవ్వాడు.

"ఇది నీళ్లబావి దగ్గర వరస కాదమ్మాయ్. పక్కకు జరుగు!"

అందరిలో పెద్దవాడైన రుద్రయ్య మాత్రం నవ్వలేదు. "మీ నాన్నా నేనూ ఒకే ఏడు ఎక్కాం తల్లీ. కనుమలో రాక్షసుడి గాలికి నేను భయపడి వెనక్కి తిరిగాను. వాడు తిరగలేదు. ఇంటికి పో," అన్నాడు.

"నేను ఆయన ఉన్నచోటికే వెళ్తున్నాను పెదనాన్నా," అంది కేతకి. తరవాత రాజుకు చేతులు జోడించింది. "మహారాజా, ఆడవాళ్లు రాకూడదని పందెంలో నియమమేమైనా ఉందా?"

"లేదమ్మా. కాని ఆ రాళ్ల మధ్య నిన్ను తలుచుకోవడం నావల్ల కావడం లేదు," అన్నాడు రాజు. చివరకు చెయ్యి ఎత్తి అనుమతి ఇచ్చాడు.

నగారా మోగింది. మగవాళ్లు ముగ్గురూ బాణాల్లా దూసుకుపోయారు. వాళ్లు రేపిన దుమ్ములో కేతకి వెనకబడింది. కొండమొదట్లో ఎండిన ఏరు అడ్డం వచ్చింది. గజపతి అదే వేగంతో ఇసుకలోకి దూకాడు. ముందు చక్రం కూరుకుపోయింది. అతను అలవాటు కొద్దీ కాలు కింద పెట్టాడు. కేక పూర్తికాకముందే రాయైపోయాడు.

కేతకి వేగం పెంచకుండా, తగ్గించకుండా, కడవలు తొణకని తీరులో ఇసుకను దాటసాగింది. ఏటి నడుమ ఒక ముసలి మొసలి నోరు తెరుచుకుని పడి ఉంది.

"గుక్కెడు నీళ్లు తల్లీ," అంది మొసలి. "ముందు వెళ్లినవాళ్లు వినిపించుకోలేదు."

బుర్రలో ఉన్నవే ఆమెకు ఆధారం. అయినా మొసలి చుట్టూ తిరుగుతూనే నీళ్లన్నీ దాని నోట్లో పోసింది.

మొసలి కళ్లు తెరిచింది. "కనుమలో ఉన్న రాక్షసుడికి చూపు ఒక్కటే. ఎదురుగా ఉన్నవాణ్నే కొడతాడు. అలా ముందున్నవాడి వెనక ఆనుకుని వచ్చేవాడు ఆ రాక్షసుడికి కనబడడు. ఇన్నేళ్లూ ఎవడికి వాడే ముందుండాలని పోయారు. ఒంటరిగా ఆ కనుమ దాటినవాడు లేడు," అని చెప్పింది.

కనుమ చేరేసరికి గాలి గోడలా నిలబడి ఉంది. అంకన్న అప్పటికే రాయై ఉన్నాడు. రుద్రయ్య హ్యాండిలు మీదకు వంగి, ఊగిపోతూ, అంగుళం కదలలేక తొక్కుతున్నాడు. కేతకి బలమంతా కూడదీసుకుని ఆయన ముందుకు వచ్చింది.

"పెదనాన్నా, నా వెనక చక్రానికి ఆనుకున్నట్టు రండి!"

"ఆడపిల్ల చాటున దాక్కోమంటావా?"

"నేను అలిసిపోతే మీరు ముందుకు రండి. అప్పుడు నేను మీ చాటున వస్తాను!"

రుద్రయ్య పళ్లు బిగించి వెనక చేరాడు. చప్పున ఆయన మీద గాలి ఆగిపోయింది. ఇద్దరూ వంతులు మార్చుకుంటూ పైకి సాగారు. మలుపులో ఒక రాతిమనిషి రాతిసైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తల్లి చెప్పిన పోలికలను బట్టి అది తన తండ్రేనని తెలిసింది. కేతకికి దిగి ఆ పాదాలు పట్టుకోవాలనిపించింది. చూపు తిప్పుకుని తొక్కింది.

అప్పుడు దుమ్ములోంచి ప్రభంజనుడి గొంతు వినిపించింది. "రుద్రయ్యా! రాజయ్యేది ఒక్కరే. ఆ పిల్లను ముందే ఉండనీ. అది కూలిపోయాక గంట నీదే!"

కేతకికి ఊపిరి ఆడడం లేదు. గొంతు ఎండి, పిలుద్దామన్నా మాట రాలేదు. వెనక నుంచి చప్పుడు లేదు. చక్రం తూలింది. కాలు నేలవైపు జారింది.

సరిగ్గా అప్పుడే ఒక నెరిసిన తల ఆమె పక్కనుంచి ముందుకు దూసుకొచ్చింది. "నా చాటుకు రా తల్లీ!" అని అరిచాడు రుద్రయ్య. గాలి మొత్తం ఆయన రొమ్మును తాకింది. ఆయన చలించలేదు.

కనుమ దాటగానే గాలి పడిపోయింది. పైన శిఖరం, గంట కనిపించాయి. రుద్రయ్య నెమ్మదించాడు.

"పో తల్లీ. నువ్వే మోగించు. నేను వెనక వస్తాలే."

"వద్దు పెదనాన్నా. మీరు వదిలేస్తే అది నా గెలుపెలా అవుతుంది? నన్ను పందెగత్తెగా చూడండి. మీ బలమంతా పెట్టి తొక్కండి."

రుద్రయ్య ఆమె ముఖంలోకి చూశాడు. తలపాగా బిగించుకుని పెడళ్ల మీద లేచి నిలబడ్డాడు. ఆయన నిజంగానే తొక్కాడు. చాలాదూరం ఆయనే ముందున్నాడు. చివరి ఎత్తులో కేతకి ఆయన భుజం పక్కకు వచ్చింది, ఆపైన చక్రమంత ముందుకు వెళ్లింది. ఆ వేగంతోనే చెయ్యి చాచి గంటను కొట్టింది.

కొండ కంపించింది. రాక్షసుడు ఆర్తనాదం చేస్తూ దుమ్మై చెదిరిపోయాడు. ఆవలివైపు నుంచి నల్లని మేఘాలు కనుమ దాటి వచ్చాయి. వాన మొదలైంది. శాపం వీడి, రాళ్లైనవారంతా మళ్లీ మనుషులయ్యారు.

కేతకి దిగి, తడుస్తూ మలుపు దాకా పరుగెత్తింది. భైరవయ్య చినుకులను అరచేత పట్టి వింతగా చూసుకుంటున్నాడు.

"ఎవరమ్మా నువ్వు? ఇంత పైకి ఎలా వచ్చావు?" అని అడిగాడు.

"తొక్కుకుంటూ వచ్చాను నాన్నా," అంది కేతకి.

ఆ పిలుపు విని అతను సైకిలు వదిలేశాడు.

విజయపాలుడు మాట తప్పలేదు. ఆయన తరవాత కేతకి తుంగావతికి రాణి అయింది, జనం నీళ్లకు కటకటపడకుండా చాలాకాలం పాలించింది. కొండ పందెం ఏటా జరుగుతూనే ఉంది. పట్టాభిషేకమైన ఏడు రుద్రయ్య మళ్లీ వచ్చి పందెం వరసలో ఆమె పక్కన నిలబడ్డాడు. రాణి కదా అని తగ్గలేదు. ఆ ఏడు ఆయనే గెలిచాడు.