బట్టీ కన్నం

మూతపడ్డ ఇటుకల ఫ్యాక్టరీలో సాయంత్రాలు ప్రశాంతంగా ఉంటాయి. మట్టి తవ్విన గుంటల్లో నీళ్లు నిలిచి, తుంగ పెరిగి, కప్పలూ కొంగలూ చేరాయి. పాత బట్టీ నిండా గబ్బిలాలు. ఈ స్థలాన్ని ఇలాగే వదిలేయమని చుట్టుపక్కలవాళ్లు పోరాడుతున్నారు. గబ్బిలాల సర్వే నా పని. బట్టీలో గబ్బిలం పిల్లలున్నాయని నేను ఒక్క మాట రాస్తే చాలు, ఇక్కడ కట్టబోయే అపార్టుమెంట్లు ఆగిపోతాయి. నేను నిజమే రాస్తానని వాళ్లందరికీ గట్టి నమ్మకం.

అపార్టుమెంట్లు కట్టేది మా బావ. ఆయన తియ్యగా మాట్లాడితేనే నాకు గుండెల్లో రాయి పడుతుంది.

"అన్నీ ఎగిరిపోయాక బట్టీ కన్నం మూసేయ్‌రా. ఖాళీ అని రాసేయ్. అబద్ధం కూడా కాదు."

"పిల్లలుంటాయి బావా. వాటికింకా ఎగరడం రాదు."

"నువ్వు చూశావా?"

చూడలేదు. చూడకూడదనే లోపలికి లైటు వెయ్యలేదు.

మసక చీకట్లో తల్లులు మేతకి బయల్దేరాయి. వాటి కూతలు మన చెవికి అందవు. నా చేతిలోని డిటెక్టర్ వాటిని టిక్‌టిక్‌మని వినిపిస్తుంది. ఆఖరి టిక్ ఆగాక కన్నానికి రేకు పెట్టి సిమెంటు మెత్తాను. బావ భుజం తట్టి వెళ్లిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

డిటెక్టర్ ఆపేసి జేబులో వేసుకున్నాను.

టిక్...

తీసి చూశాను. స్విచ్ ఆపే ఉంది. బ్యాటరీలు పీకేసి మళ్లీ జేబులో వేసుకున్నాను. టిక్... టిక్... టిక్...

రేకు సందుల్లోంచి పచ్చిపాల వాసన. చెవి ఆనించాను. అవతల ఎవరో ఊపిరి బిగబట్టినట్టు...

భయం కంటే సిగ్గే ఎక్కువైంది. ఆరని సిమెంటు గోళ్లతో గీకి, రేకు లాగేసి, లైటు వేశాను. ఇటుకల మీద పిల్లలు గుంపుగా వేలాడిన మరకలు. చెయ్యి పెడితే ఇంకా వెచ్చగా ఉన్నాయి. పిల్ల ఒక్కటీ లేదు.

తల్లులు తిరిగొచ్చాయి. లోపలికి మాత్రం వెళ్లలేదు. నా వెనకే వచ్చాయి... ఇంటిదాకా.

గుమ్మంలో మా ఆవిడ చంటిదాన్ని ఎత్తుకుని నాకోసం ఎదురుచూస్తోంది.

"ఏమండీ, ఇలా చూడండి... చీకటి పడ్డప్పట్నుంచీ ఏడుస్తోంది. గొంతు రావట్లేదు."

పాప మొహం కందిపోయింది. నోరు బార్లా తెరిచి ఉంది. చిన్న చప్పుడైనా లేదు.

టిక్... టిక్... టిక్...

పాప ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడల్లా, నా జేబులో ఆ చప్పుడు కూడా ఆగుతోంది.