మూడో రోజు ఆఖరి పేపరు

సింగపూర్‌లోని జురాంగ్ వెస్ట్‌లో తన ఫ్లాట్ ముందుగదినే భ్రమరాంబ ఆఫీసుగా వాడుకుంటుంది. సోమవారం ఉదయం అక్కడికి వచ్చిన అమ్మాయి కుర్చీలో కూర్చున్నాక కూడా భుజానికున్న సంచి దించలేదు. దాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకునే మాట్లాడింది.

"నా పేరు వర్షిత. శుక్రవారం మా అమ్మ చనిపోయింది, ఆంటీ. మెట్ల మీద జారిపడిందని పోలీసులు అంటున్నారు. బట్ అమ్మ మెట్లు ఎక్కదు, దిగదు. మోకాళ్ళు పాడైపోయాయి. లిఫ్ట్ పనిచేస్తోంది కదా, మెట్ల దగ్గరికి ఎందుకెళ్తుంది? డోంట్ మేక్ సెన్స్ లా."

"పెలన్ పెలన్ చెప్పమ్మా, తొందరేం లేదు. ముందు కోపీ తాగు" అంది భ్రమరాంబ.

ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. మలేషియాలో పుట్టింది. ఇక్కడ ఒక బీమా సంస్థ తరఫున ప్రమాదాలను విచారించడంలో పాతికేళ్ళు గడిపి, ఇప్పుడు సొంతంగా కేసులు చూస్తోంది. సహాయకురాలు ఉజ్వల ఒకప్పుడు పత్రికా విలేఖరి. ఎదుటివాళ్ళు చెప్పిందంతా ఆమె పొల్లుపోకుండా రాసుకుంటుంది. అందులో పనికొచ్చే ముక్కను భ్రమరాంబ ఎలా పసిగడుతుందో మాత్రం ఆరేళ్ళుగా ఆమెకు అంతుపట్టలేదు.

వర్షిత చెప్పింది ఇది. తల్లి లలితకుమారి రసాయనశాస్త్రం బోధించేది. ఈ ఏడు సింగపూర్‌లో జరగబోయే ప్రాంతీయ రసాయనశాస్త్ర సదస్సులో ఏ పేపరు ఏ రోజు, ఏ హాల్లో, ఎవరి తర్వాత చదవాలో నిర్ణయించే బాధ్యత ఆమెది. అద్దెకు తీసుకున్న ఒక నాలుగో అంతస్తు గదిలో, పేపరుకో కార్డు చొప్పున గోడంతా అంటించి, వాటిని అటూ ఇటూ మారుస్తూ పనిచేసేది. శుక్రవారం సాయంత్రం ఏడింటికి కాపలా మనిషికి మూడో అంతస్తు మలుపులో ఆమె శవం కనిపించింది. చేతిసంచి పైన గదిలోనే ఉంది.

"ఐదింటికి నాకు ఫోన్ చేసింది. ఒక కార్డు తప్పు చోట ఉంది, మారుస్తున్నాను అంది. 'ఒక మనిషి పోయాడు వర్షీ, దాన్ని అలా మూల పడేస్తే నాకు నిద్ర పట్టదు' అంది. ఏ కార్డు, ఎక్కడికి అని నేను అడగలేదు." ఆ అమ్మాయి సంచిని ఇంకా దగ్గరికి లాక్కుంది. "నాకు క్లాసుంది, తర్వాత చేస్తానన్నాను."

ఇన్‌స్పెక్టర్ టాన్‌కు భ్రమరాంబ పాత పరిచయమే. కెమెరాలు లిఫ్టుల దగ్గరే ఉన్నాయి, మెట్ల వైపు లేవని అతను చెప్పాడు. శుక్రవారం నాలుగింటికి, లలితకుమారిని కలవడానికి వచ్చిన ముగ్గురు లిఫ్టులో దిగి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఎవరూ లిఫ్టులో పైకి రాలేదు. శవం కనిపించిన వెంటనే పోలీసులు గదికి సీలు వేశారు.

మర్నాడు భ్రమరాంబ ఆ ముగ్గురినీ విడివిడిగా కలిసింది.

ప్రొఫెసర్ జగన్మోహనరావు సదస్సుకు అధ్యక్షుడు. మాట కరుకు.

"అవును, శుక్రవారం గొడవపడ్డాం. ఆ రవీంద్రన్ పేపరు అసలు వద్దన్నాను. ఫ్యాక్టరీ ప్రమాదాల గోల మనకెందుకు? చివరికి మూడో రోజు సాయంత్రం చిన్నగదిలో ఆఖరున పడేసింది. అప్పటికి సగం జనం ఎయిర్‌పోర్టులో ఉంటారు. సరేలే అని ఊరుకున్నా."

"మొదటి రోజు ప్రారంభం ఎవరిది?"

"ఇంకెవరిది? పెద్ద హాల్లో తొలి ప్రసంగం నాదే. నాలుగింటికి వస్తూ గోడ ఫోటో కూడా తీసుకున్నాను" అంటూ ఫోన్ చూపించాడు. ఆయన చెప్పినట్టే ఉంది.

రవీంద్రన్ ఒక ఫ్యాక్టరీలో కెమిస్టు. మలేషియాలోని జొహోర్ నుంచి వచ్చి ఇక్కడ పుంగ్గోల్‌లో స్థిరపడ్డ కుటుంబం. మాట్లాడుతున్నంతసేపూ తలుపు వైపే చూశాడు.

"ఎనిమిది నెలల కింద మా దగ్గర ట్యాంకు కడుగుతూ నూకరాజని ఒకతను గ్యాస్ పీల్చి చచ్చిపోయాడు మేడం. శ్రీకాకుళం వైపు మనిషి, క్రాంజీలో కూలీల డార్మిటరీలో ఉండేవాడు. అలారం మోగినా బయటికి రాలేదు, తప్పు అతనిదేనని రాసేశారు. నేను ఆ అలారం మెమరీ తీసి చూశాను. అది మోగనే లేదు. ప్రమాదానికి ముందు ఏడు నెలలుగా దాన్ని ఎవరూ పరీక్షించలేదు. పరీక్షించినట్టు సంతకాలు మాత్రం ఉన్నాయి."

"ఎవరి సంతకాలు?"

"పేపర్లో పేర్లు రాయలేదు. చెప్పమనకండి, నా పని పోతుంది. భయమేసి, శుక్రవారం పేపరు వెనక్కి ఇచ్చెయ్యమని అడగడానికే వెళ్ళాను. చివరి రోజు చివర్లో పెట్టాను, పదిమంది కూడా ఉండరు, భయపడకు అన్నారు లలితకుమారి మేడం."

మూడోవాడు సుధాకరరావు. ఎన్నో ఫ్యాక్టరీలలో భద్రతా పరికరాలను తనిఖీ చేసే నిపుణుడు, సదస్సు కమిటీలో సభ్యుడు. వాళ్ళకు టీ తనే పోసి ఇచ్చాడు. లలితకుమారి పేరెత్తగానే కళ్ళు తుడుచుకున్నాడు.

"నూకరాజు పేపరంటే నాకు ఇబ్బందేమోనని అనుకుంటున్నారేమో. లేదండీ. అలాంటివి జనం వినాలి. మొదటి రోజు, పెద్ద హాలు, తొలి ప్రసంగం! అంతకంటే గౌరవం ఏముంటుంది? ఆవిడ ధైర్యానికి దండం పెట్టాలి. జగన్మోహనరావు గారికి అది నచ్చకపోవచ్చు, నాకైతే సంతోషమే."

"శుక్రవారం నాలుగు తర్వాత ఎక్కడున్నారు?"

"ఇంట్లోనే. ఒక్కణ్ణే."

బయటికొచ్చాక ఉజ్వల అంది: "ముగ్గురిలో ఈయనొక్కడే మనిషిలా మాట్లాడాడు కదండీ."

"నువ్వు రాసుకున్నవి మూడూ పక్కపక్కన పెట్టి చదువు" అని మాత్రం చెప్పి, భ్రమరాంబ బస్సెక్కింది.

బుధవారం మధ్యాహ్నం ఇన్‌స్పెక్టర్ టాన్ సీలు తీయించాడు. ముగ్గురూ వచ్చారు. వర్షిత తల్లి కుర్చీ వెనక నిలబడింది. గోడను చూడగానే జగన్మోహనరావు ముఖం ఎర్రబడింది.

"ఇదేంటి? నా కార్డేదీ?"

ఆయన కార్డు రెండో రోజు ఉదయానికి దిగింది. మొదటి రోజు పెద్ద హాలు వరసలో, అన్నిటికంటే పైన, రవీంద్రన్ పేపరు కార్డు ఉంది. రవీంద్రన్ దగ్గరికెళ్ళి, కార్డు మీద తన పేరు రెండుసార్లు చదువుకున్నాడు.

"నాలుగింటికి తీసిన ఫోటోలో ఈ కార్డు మూడో రోజు చివర ఉంది" అంది భ్రమరాంబ. "ఐదింటికి లలితకుమారి గారు ఒక కార్డు మారుస్తున్నానని కూతురికి చెప్పారు, ఎక్కడికో చెప్పలేదు. నాలుగు తర్వాత ఆవిడ ఫోన్ నుంచి వెళ్ళింది ఆ ఒక్క కాలే. మెసేజ్ లేదు, ఈమెయిల్ లేదు. ఏడింటికి గదికి సీలు పడింది. కాబట్టి ఈ మార్పు తెలిసే వీలు, ఆ మధ్యలో ఈ గోడ ముందు నిలబడ్డ మనిషికే ఉంది. ప్రొఫెసర్ గారికి తెలియదు, ఇప్పుడే చూశారు. రవీంద్రన్‌కూ తెలియదు. నిన్న మాకు టీ పోసి మరీ చెప్పింది మీరే, సుధాకరరావు గారూ."

సుధాకరరావు గోడ వైపు చూడలేదు. "ఎవరో అనగా విన్నానేమో."

"ఎవరన్నారు?"

టాన్ వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఆ అలారాన్ని పరీక్షించినట్టు ఏడు నెలలూ సంతకం పెట్టింది మీరు. ఇవాళ పొద్దున ఇన్‌స్పెక్టర్ గారు ఆ కాగితాలు తెప్పించారు. పేపరు అసలే లేకుండా చెయ్యాలని మీరు కెమెరా లేని మెట్ల మీదుగా తిరిగొచ్చారు. కార్డు చూశారు. గదిలోకి ఎవరైనా రావచ్చు, ఏకాంతంగా మాట్లాడాలని ఆవిణ్ణి మెట్ల దగ్గరికి పిలిచారు. మిమ్మల్ని నమ్మింది కాబట్టి సంచి కూడా తీసుకోకుండా వచ్చింది."

"పిలిచింది నిజమే" అన్నాడు సుధాకరరావు. "బతిమాలాను. నాకు ఇరవై ఏళ్ళ పేరుంది అన్నాను. 'ఆ నూకరాజు పేరు సంగతేంటి' అంది. చెయ్యి విదిలించుకుంది. నేను నెట్టాను. అంత గట్టిగా నెట్టాలనుకోలేదు."

"ఆ తర్వాత?"

"దిగి వెళ్ళిపోయాను."

"ఆవిడ పక్కనుంచే దిగారు" అంది భ్రమరాంబ. "పడ్డాక అరగంటపాటు ఆవిడ బతికే ఉందని డాక్టరు రిపోర్టు. ఎవరినైనా పిలిచి ఉంటే దక్కేది."

వర్షిత ఆ కుర్చీ వీపును పట్టుకుని నెమ్మదిగా నేల మీద కూర్చుండిపోయింది. ఉజ్వల వెళ్ళి పక్కన కూర్చుని ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది. టాన్ మనుషులు సుధాకరరావును తీసుకెళ్ళారు.

కేసు అంతటితో ముగిసింది. కానీ మర్నాడు ఉదయం భ్రమరాంబ, డార్మిటరీలో నూకరాజు తోటివాళ్ళ దగ్గర నంబరు తీసుకుని, శ్రీకాకుళం జిల్లాలో ఉన్న అతని భార్య ఈశ్వరమ్మకు ఫోన్ చేసింది. ఉజ్వల పక్కనే ఉంది. తను ఎవరో చెప్పి, జరిగిందంతా చెప్పింది. ఈశ్వరమ్మ అడిగింది ఒక్కటే.

"అలారం మోగలేదాండీ?"

"మోగలేదమ్మా."

"తాగేసి పడుకున్నాడు, అందుకే బయటికి రాలేదని ఇక్కడంతా చెప్పుకున్నారండి. మా ఆడపడుచు కూడా నమ్మీసింది." ఆమె ఎవరినో గట్టిగా కేకేసి పిలవడం వినిపించింది. "అమ్మా, అందరూ వస్తున్నారు. స్పీకర్లో పెడతాను. మోగలేదని ఆ మాట మళ్ళీ ఒక్కసారి చెప్పండి."

భ్రమరాంబ మళ్ళీ చెప్పింది.