డబ్బా అడుగున గుప్పెడు

పొద్దున్నే నాన్న కొట్టు తెరిచి, కాఫీ మరను గుడ్డతో తుడుస్తున్నాడు. కూతురు గుమ్మంలో నిలబడి, చేతిలోని ఆకుపచ్చ స్టిక్కరు అంచును గోటితో లేపుతూ ఆయన్నే చూస్తోంది.

ఊళ్ళో ఆమె మొదలుపెట్టిన ప్రచారం అది. పండించినవాళ్ళకు న్యాయమైన ధర ఇచ్చే సంఘాల సరుకే అమ్ముతామని ఒప్పుకున్న కొట్టు తలుపు మీద ఆ స్టిక్కరు వేస్తారు. బజారంతా ఒప్పుకుంది. మిగిలింది సొంత నాన్న కాఫీ పొడి కొట్టే. నిన్న దర్జీ నవ్వుతూనే చురక అంటించాడు: "మాకు చెప్పడం సరే తల్లీ, ముందు మీ నాన్నకు చెప్పుకో."

నాన్న పిసినారి కాదు. మరెందుకు దాటవేస్తున్నాడో ఆమెకు అంతుపట్టలేదు. అడిగినప్పుడల్లా చూద్దాంలే అంటాడు.

ఆయన స్నానానికి వెళ్ళగానే సంఘంవాళ్ళు పంపిన గింజల సంచి లోపలికి లాగింది. పాత సరుకుతో కలపకూడదన్నది వాళ్ళ నియమం. పొడి డబ్బా దాదాపు ఖాళీ. అడుగున ఉన్న కాస్తా పారబోద్దామని ఎత్తింది.

"దాన్ని కింద పెట్టు." తల తుడుచుకుంటూ నాన్న వెనకే ఉన్నాడు.

"గుప్పెడు పొడి కోసం ఇంత పంతమా నాన్నా? ఒకరి కడుపు కొట్టి తెచ్చిన సరుకే కావాలా మనకు?"

ఆయన మొహం వాడిపోయింది. డబ్బా అందుకుని బల్ల మీద పెట్టాడు.

"దీన్ని నేనెప్పుడూ పూర్తిగా ఖాళీ చెయ్యలేదమ్మా. అడుగున గుప్పెడు ఉంచి, కొత్తది దాని మీదే పోసి కలుపుతున్నాను. మీ అమ్మ చివరిసారి కలిపిన పొడి ఇందులో ఎక్కడో ఉంది."

అమ్మ పోయినా నాన్న కంట తడి పెట్టలేదని మేనత్తతో తానన్న మాట గుర్తొచ్చింది. సంచిని వెనక్కి లాగబోయింది.

"వద్దులే నాన్నా. ఈ ప్రచారంలోంచి మన కొట్టును వదిలేద్దాం."

ఆయన సంచి మీద చెయ్యి వేసి ఆపాడు. మూతి విప్పి, నాలుగు గింజలు తీసి వాసన చూశాడు. "ఎవరు పండించారివి?"

కొండవాలులో ఇద్దరు అక్కాచెల్లెళ్ళని, ఇంటి కప్పు మీదే ఎండబెడతారని చెప్పింది. రేకుల కప్పా, పెంకులదా అని అడిగాడు. హఠాత్తుగా వాన పడితే ఏం చేస్తారని అడిగాడు. అమ్మ కూడా ఇలాగే ఆరా తీసేది. ఆ సంగతి ఇద్దరికీ తట్టింది.

అడుగున ఉన్న పొడితో ఆయనే కాఫీ కలిపాడు. చివరి గుక్క దాకా ఇద్దరూ తాగారు. తరవాత డబ్బా కడిగి ఎండలో పెట్టాడు. ఆరాక అందులో మొహం పెట్టి, వాసన పీలుస్తూ కాసేపు అలాగే ఉండిపోయాడు.

"ఇంకా ఉంది," అంటూ డబ్బా ఆమె చేతికిచ్చాడు.

ఆమె కూడా మొహం పెట్టింది. ఎంతకీ తియ్యలేదు. నాన్న స్టిక్కరు తీసుకుని, ఆమెకు వీపు చూపిస్తూ, తలుపు మీద నిదానంగా అంటించసాగాడు.