తిప్పి పంపిన పార్సిల్

పొద్దున ఎనిమిదిన్నరకల్లా ఇల్లు ఖాళీ అయిపోతుంది. లిఫ్టులు బాగుచేసే కొడుకు ముందు వెళ్తాడు. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేసే కోడలు ఆ తర్వాత పావుగంటకి. ఇక అత్తగారికి మిగిలేవి మూడు పనులు. కప్పులు కడగడం, పక్కలు సర్దడం, మూడో గదిలో దుమ్ము దులపడం. మొదటి రెండూ ఆవిడ కూనిరాగం తీస్తూ చేసేది. మూడోది పళ్ళు నూరుకుంటూ చేసేది.

ఈ ఇల్లు కొన్నప్పుడు మూడో గదిలో నిలబడి, "పిల్లల మంచం ఇక్కడ, చిన్న బీరువా అక్కడ" అని వేలు పెట్టి చూపించింది తనే. ఇప్పుడక్కడ గోడ పొడుగునా గాజు తలుపుల అరలు. అరల నిండా అనిమే బొమ్మలు, జపాను కార్టూన్ కథల్లోవి. నీలం జుట్టు పిల్ల, కత్తి దూసిన కుర్రాడు, గాల్లో ఎగురుతూ ఆగిపోయిన తోకపిల్లి. ఒక్కటీ జానెడు ఎత్తు మించదు. ఎదురుగా టీవీ, దాని కింద వీడియో గేమ్ పెట్టె. ముప్పై ఆరేళ్ళ కోడలు పని నుంచి వచ్చి, మొహం కడుక్కుని, గంటసేపు అక్కడే కూర్చుంటుంది. ఆటలో గుర్రమెక్కి ఏవో కొండలు దాటుతుంది, తనలో తను నవ్వుకుంటుంది. ఇంటికెవరైనా వస్తే అత్తగారు ముందుగా ఆ గది తలుపు మూసేది. "పాత సామాన్లు పడేసుకున్నాం లెండి" అనేది.

కోడలికి రెండుసార్లు కడుపు నిలిచి, రెండుసార్లూ పోయింది. అది జరిగి నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళలోనే అరలు నిండాయి. అత్తగారి లెక్కలో ఈ రెండూ వేరువేరు సంగతులు కావు.

ఆ నెల ఎనిమిదో తారీఖున, ఆవిడతో కలిసి పనిచేసిన స్నేహితురాలు తన మనవడికి మొదటి పన్ను వచ్చిందని ఫోనులో ఫొటో పంపింది. "చాలా బాగున్నాడు" అని జవాబు రాసి, ఫోను బోర్లా పెట్టి, కాసేపు ఊరికే కూర్చుంది. అప్పుడే గుమ్మంలో పోస్ట్‌మ్యాన్ కేక వినిపించింది.

"మేడమ్, మీ కోడలుగారికి పార్సిల్. పై దేశం నుంచి. సంతకం పెట్టండి."

అత్తగారు ముప్పై ఒక్కేళ్ళు పోస్టాఫీసులో పార్సిళ్ళు వేరుచేసిన మనిషి. చేతిలోకి తీసుకోగానే లోపలేముందో తెలిసిపోయింది. తేలికైన పెట్టె, కదిపితే చప్పుడు లేదు. మరో బొమ్మ.

"తీసుకోం. తిప్పి పంపెయ్."

"విప్పకుండానేనా? పోనీ, ఆవిడకి ఒకసారి ఫోన్ చేసి..."

"ఈ ఉద్యోగం నాకు నువ్వు నేర్పుతావా? ఇటివ్వు."

అతని జేబులో కలం తీసుకుని, చీటీ మీద తన చేత్తోనే రాసింది, తిరస్కరించడమైనదని. అతను తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆవిడకి ఆ పూట అన్నం సయించింది కూడా.

పదిరోజులు ఏమీ జరగలేదు. పదకొండో రోజు ఆదివారం. కొడుకు పేపరు చదువుతున్నాడు, ఆవిడ బఠాణీలు ఒలుస్తోంది. కోడలు ఫోను పట్టుకుని గదిలోంచి వచ్చింది.

"అత్తయ్యా, ఎనిమిదో తారీఖున పోస్ట్‌మ్యాన్ వచ్చాడా?"

"వచ్చాడు."

"నా పార్సిల్ ఏదీ?"

"తిప్పి పంపేశాను."

కొడుకు పేపరు దించాడు. "అమ్మా! ఏం మాట్లాడుతున్నావ్?"

"ఏంట్రా అమ్మా? ఎన్నాళ్ళని నోరు మూసుకోను? పిల్లలుండాల్సిన గదిలో పిల్లల బొమ్మలు పేర్చుకుని ఆడుకుంటోంది నీ పెళ్ళాం. మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళండర్రా అంటే నువ్వు పేపరు అడ్డం పెట్టుకుంటావ్, తను టీవీ పెట్టుకుంటుంది. ఆ బొమ్మలు రావడం ఆగితేనన్నా ఇంట్లో ఏం లేదో కనిపిస్తుందని పంపేశాను. తప్పయితే కొట్టండి నన్ను!"

కోడలు అరవలేదు. కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చుంది.

"అవి పిల్లలు కాదత్తయ్యా. వాటిని నేనెప్పుడూ పిల్లలనుకోలేదు. ఆ కథలంటే, ఆ ఆటలంటే నాకు పదో తరగతి నుంచీ ఇష్టం. మీకు పాత పాటలంటే ఎలాగో అలా. నాకు లోటు లేదని కాదు. ఉంది. కానీ అది వేరు, ఇది వేరు. అందరూ రెండూ కలిపి చూస్తారు. నేను నవ్వినా జాలిపడతారు."

"అయితే ఒక బొమ్మ పోతే ఏమైందట? మరోటి కొనుక్కో."

"ఆ ఒక్కటి మాత్రం..." కోడలు ఆగిపోయింది.

"వద్దులే, వదిలెయ్" అన్నాడు కొడుకు మెల్లిగా.

"లేదు, చెప్పనీ. కిందటేడు దానికి ముందుగా పేరు రాయించుకున్నాం అత్తయ్యా. అవి తయారై రావడానికి నెలలు పడతాయి. అప్పుడు నాకు మూడో నెల."

అత్తగారి చేతిలో బఠాణీ కాయ అలాగే ఉండిపోయింది. "ఏ మూడో నెల?"

"మూడోసారి. రెండుసార్లూ మీకు చెప్పి, మీరు నలుగురికీ చెప్పుకుని, తర్వాత మీరు పడ్డ బాధ చూశాం. ఈసారి అయిదో నెల వచ్చాకే చెబుదామనుకున్నాం. బొమ్మా, పాపా ఒకే నెలలో వస్తాయని లెక్కేసి, రెండు పార్సిళ్ళకీ ఒకేసారి సంతకం పెట్టాలని మీ అబ్బాయి ఒకటే నవ్వు." కోడలు చేతులు ఒళ్ళో ముడుచుకుంది. "మీరు మీ అక్కయ్యగారింట్లో నెలరోజులున్నారు చూడండి, అప్పుడు పోయింది. ఆపరేషన్ చేసి గర్భసంచి తీసేశారు. ఇంక లేదత్తయ్యా. ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా లేదు."

అత్తగారి ఒళ్ళోంచి బఠాణీలు కిందికి దొర్లాయి.

"ఆ బొమ్మ తయారీ ఆలస్యమైందన్నారు. ఎదురుచూస్తూనే ఉన్నా. రెండు రావాల్సింది. ఒకటి రానే లేదు. రెండోది గుమ్మం దాకా వచ్చింది."

అక్కడితో ఆపి, లేచి లోపలికి వెళ్ళిపోయింది. కొడుకు తల్లిని తిట్టలేదు. కింద దొర్లిపోయిన బఠాణీలు ఒక్కొక్కటే ఏరి గిన్నెలో వేశాడు. అతను తిట్టి ఉంటే బాగుండేదని ఆవిడకి అనిపించింది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ పోస్టాఫీసుకి వెళ్ళింది. ముప్పై ఒక్కేళ్ళు కిటికీకి లోపలి వైపు కూర్చున్న మనిషి బయటి వైపు వరసలో నిలబడింది. కౌంటర్లో ఉన్నది తను పని నేర్పిన గుమాస్తానే.

"మేడమ్! మీరు లైన్లో నిలబడ్డమేంటి?"

పార్సిల్ నంబరు చెప్పింది. అతను కంప్యూటర్లో వెతికి పెదవి విరిచాడు. "ఇది ఓడెక్కేసింది మేడమ్. మన చేతుల్లో లేదు. మీకు తెలియందేముంది?" అని, ఆవిడని నవ్వించాలని, "తిప్పి పంపిన చీటీ ఇక్కడే ఉందండోయ్. రాత చూడగానే అనుకున్నా, ఇంత ముచ్చటైన అక్షరాలు మా మేడమ్‌వే అయ్యుంటాయని" అన్నాడు.

ఆవిడ కిటికీ గట్టు పట్టుకుని నిలబడింది. వెనకాల ఎవరో "జరగండమ్మా" అనేదాకా కదల్లేదు.

కొడుకు ఆ కంపెనీకి మెయిల్ రాశాడు. నాలుగో రోజున మర్యాదగా జవాబొచ్చింది. వెనక్కొచ్చిన సరుకు వరసలో ఉన్న తర్వాతివాళ్ళకి ఇచ్చేస్తారట. ఆ బొమ్మ మళ్ళీ తయారుచెయ్యరట.

ఆ వారమంతా ఇంట్లో అవసరమైన మాటలే నడిచాయి. కోడలు "కాఫీ కలపనా అత్తయ్యా?" అని ఎప్పటిలాగే అడిగేది. కానీ మూడో గదిలోకి వెళ్ళడం మానేసింది. పని నుంచి వచ్చి, పడకగదిలో గోడవైపు తిరిగి పడుకునేది. ఆ అమ్మాయి ఆ గదిలోకి వెళ్ళకూడదనే కదా ఆవిడ నాలుగేళ్ళుగా కోరుకుంది! ఇప్పుడా నిశ్శబ్దం భరించలేక, పక్కింటి టీవీ చప్పుడైనా వినిపిస్తే చాలనుకునేది. పొద్దున దుమ్ము దులిపేటప్పుడు పళ్ళు నూరడం లేదు. గుడ్డ తడిపి, గట్టిగా పిండి, ఒక్కో అరా మెల్లిగా తుడిచేది. తుడిచినకొద్దీ ఆ గది మరింత ఖాళీగా కనిపించేది.

శనివారం సాయంత్రం కోడలు ఆ గదిలో నేలమీద కూర్చుని ఉంది. టీవీ పెట్టలేదు. అత్తగారు గుమ్మంలో ఆగింది.

"లోపలికి రానా?"

ఆ మాట ఆ గుమ్మంలో ఆవిడ ఎప్పుడూ అడగలేదు. కోడలు తలూపింది. ఆవిడ మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ నేలమీద చతికిలబడింది.

"ఆ బొమ్మ... ఎలా ఉంటుంది?"

కోడలు ఫోనులో ఫొటో వెతికి చూపించింది. యుద్ధానికెళ్ళే వేషంలో ఒక పిల్ల. కత్తిని నేలలో గుచ్చి, దానికి ఒరిగి, ఒంటికాలి మీద నిలబడి, బూటు తలకిందులు చేసి దులుపుతోంది.

"ఏమైంది దీనికి?"

"బూటులో రాయి పడింది."

"అంతేనా?"

"అంతే. మిగతావన్నీ పోట్లాడుతూనే ఉంటాయి. దీనికి రాయి గుచ్చుకుంది, ఆగింది. అందుకే నచ్చింది."

అత్తగారు ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. బొమ్మ రెండో చేతిలో రాయి కూడా కనిపించింది, కందిగింజంత.

"అన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్కళ్ళ పార్సిల్ కూడా పోగొట్టలేదే" అంది. "అడ్రసు చెరిగిపోయినవి కూడా ఇల్లు వెతికి పంపించాను. నీది... నా చేత్తోనే..."

కోడలు ఆవిడని ఊరుకోబెట్టలేదు. "ఫర్వాలేదని అనలేనత్తయ్యా. ఇప్పుడే అనలేను."

"అనొద్దు. అనమని రాలేదు."

కిటికీలో వెలుతురు తగ్గింది. ఎవరూ లేచి దీపం వెయ్యలేదు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, నేలచూపులు చూస్తూ అడిగింది.

"ఆడపిల్లా, మగపిల్లాడా?"

"ఆడపిల్ల. తర్వాత చెప్పారు."

"పేరేమన్నా అనుకున్నారా?"

కోడలు అటు తిరిగింది. చాలా చిన్న గొంతుతో కోడలు ఆ పేరు చెప్పింది.

అత్తగారు ఆ పేరుని ఒకసారి పైకి పలికింది. ఒత్తు సరిగ్గా పడలేదనిపించి, మళ్ళీ పలికింది. ఆ ఇంట్లో ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియని పేరు అది. మూడో మనిషి నోటివెంట వినగానే కోడలు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. కడుపు పోయిన ఆ నాలుగో నెలాఖరు నుంచి ఇప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. అత్తగారు దగ్గరికి జరిగింది. ఊరుకోమని అనలేదు. కోడలి వీపు మీద చెయ్యి వేసి, మనవరాలి పేరుని ఇంకోసారి పలికింది.