అటు పడవ, ఇటు పడవ

"ఓ పైనున్న మహానుభావా! కింద క్లాసు జరుగుతోందండీ!"

షెర్నెల్లా గొంతు చించుకుని అరిచేసరికి బడి కప్పు మీద డ్రిల్లు చప్పుడు ఆగింది. చెమటలు కారుతున్న ముఖం ఒకటి అంచు మీంచి తొంగి చూసింది.

"మీ క్లాసులో ఫ్యాన్లు తిరగాలనే కదా టీచర్, నేనిక్కడ వేగిపోతున్నాను!"

"తిరిగే ఫ్యాన్ల కింద ఫెయిలైన పిల్లల్ని కూర్చోబెట్టుకోమంటారా?"

ఆ ముఖం పకపకా నవ్వింది.

పేరు డెల్వన్. డొమినికా దీవిలో బడి మాస్టారు, అక్కణ్ణుంచే వచ్చాడు. ఒక దీవికి తెలిసిన పని ఇంకో దీవికి నేర్పాలని చుట్టుపక్కల దీవులన్నీ కలిసి పెట్టుకున్న పథకం అది. సెయింట్ లూసియా దీవి ఉత్తర కొసన, గ్రోజ్ ఇలే బడిలో సోలార్ పలకలు బిగించి, ఒక టర్మ్ పాటు పిల్లలకి కరెంటు పాఠాలు చెప్పడం అతని వంతు. ఆ పాఠాలకి తోడుండాల్సింది సైన్సు టీచర్ షెర్నెల్లానే.

పోట్లాడుకుంటూనే చెప్పారు.

"మా ఊళ్ళో నేల తవ్వితే ఆవిరి. దాంతోనే కరెంటు తీస్తాం" అనేవాడతను.

"మాకు తవ్వే బాధ కూడా లేదు, తలెత్తితే చాలు, ఎండే ఎండ!"

అట్టపెట్టెతో ఎండపొయ్యి చేసి గుడ్డు ఉడకబెట్టిన రోజున ఉన్నట్టుండి వాన ముంచుకొచ్చింది. పెట్టెని కాపాడబోయి ఇద్దరూ ఒకే గొడుగు కిందికి దూరారు. గుడ్డు ఉడకలేదు గానీ, ఆ వాన ఇంకాసేపు కురిస్తే బాగుండునని షెర్నెల్లాకి అనిపించింది.

టర్మ్ అయిపోయింది. పడవ ఎక్కేముందు అతను ఏదో చెప్పబోయి, "బ్యాటరీల మీద దుమ్ము పడనివ్వకండి" అన్నాడు. ఆమె "అలాగే" అంది. అంతే.

తర్వాత ప్రతి గురువారం రెండు దీవుల బడులకీ వీడియోలో ఉమ్మడి పాఠం. తెర మీద అతను, ఇటు ఆమె, మధ్యలో రెండు క్లాసుల పిల్లలు. ఒక్క "గుడ్ మార్నింగ్ మాస్టారూ" కోసం ఆమె ముందే అద్దం ముందు నాలుగు గౌన్లు మార్చేది.

"టీచర్, మాస్టారు బోర్డు చూడట్లేదు, మిమ్మల్నే చూస్తున్నారు!" అనేవాళ్ళు పిల్లలు.

ఫోన్ చేసుకున్నా మళ్ళీ బ్యాటరీల గురించే. శుక్రవారం సాయంత్రాలు ఊరి సంబరంలో వీధి పొడవునా చేపలు కాలుతూ పాటలు మోగుతుంటే, ఆమె మాత్రం సముద్రం వైపు తిరిగి కూర్చునేది.

"ఏమే, దాన్ని తాగేస్తావా ఏంటి?" అనేది బొగ్గుల దగ్గర చేపలు తిప్పుతూ తల్లి యూడీన్. "అంతగా ఉంటే వెళ్ళరాదూ!"

అంతలో పథకం వాళ్ళు దీవుల మధ్య టీచర్లని ఏడాది పాటు మారుస్తామన్నారు. షెర్నెల్లా డొమినికా కోరుకుంది. అతనికి చెప్పలేదు. హఠాత్తుగా ఎదుట నిలబడి అదరగొట్టాలనుకుంది.

మధ్యలో మార్టినిక్ దీవిలో పడవ మారాలి. రేవులో సూట్‌కేసు ఈడ్చుకుంటూ నడుస్తుంటే, ఎదురుగా ఇంకో సూట్‌కేసు ఈడ్చుకుంటూ డెల్వన్!

"మీరేంటి ఇక్కడ?"

"మీ బడికే! చెప్పకుండా వద్దామని..."

"నేను మీ బడికి వెళ్తున్నాను!"

ఒకరి చోటికి ఒకర్ని పంపారన్నమాట. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూనే ఆమెకి ఏడుపొచ్చేసింది.

"ఎవరో ఒకరం మానేద్దామా?" అన్నాడతను.

"అక్కడ మీ పిల్లలకి ఎవరు చెప్తారు?"

పడవ కూత వేసింది.

"షెర్నెల్లా!" పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "పాఠం చెప్పడం వచ్చు గానీ ఇది చెప్పడం రాదు నాకు. నువ్వంటే... చాలా ఇష్టం."

"ఇదా ఇన్నాళ్ళూ దాచింది?" ఆమె అతని చొక్కా పట్టుకుని గుండెకి తల ఆనించింది. "నాకూ ఇష్టమే, మొద్దబ్బాయ్!"

అతను ఒక పడవ ఎక్కాడు. ఆమె ఇంకోటి ఎక్కింది. కనుమరుగయ్యే దాకా చేతులు ఊపుకుంటూనే ఉన్నారు.

డొమినికాలో డెల్వన్ తల్లి ఆమెని తమ ఇంట్లోనే ఉంచుకుంది, అతని గదే ఇచ్చింది. కొన్నాళ్ళకి ఒక సాయంత్రం యూడీన్ ఫోన్ చేసింది.

"ఏమే, ఆ పొడుగాటి కుర్రాడు మనింట్లో కూర్చున్నాడు. చేప మూడోసారి వడ్డించాను. ఇప్పుడేమో నిన్ను కూడా ఇమ్మంటున్నాడు!"

షెర్నెల్లా కుర్చీలోంచి లేచి నిలబడింది. "నువ్వేమన్నావమ్మా?"

"ఏడాది ఆగగలవా నాయనా అన్నాను. ఆగలేనమ్మా, అయినా ఆగుతాను అన్నాడు. నాకైతే నచ్చాడే. ఏం చెప్పమంటావు?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. డెల్వన్ తల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"ఆగమని చెప్పమ్మా" అంది షెర్నెల్లా కళ్ళు తుడుచుకుంటూ. "నేనూ ఆగలేను, అయినా ఆగుతానని చెప్పు."